ఏడో వరుస పక్కన పువ్వు

దేవుడి బొమ్మ ఉన్న కాగితాన్ని పావగడ సీమలో ఎవరూ పొయ్యిలో పెట్టరు, చెత్తలో పారెయ్యరు. పాత పంచాంగమైనా, చిరిగిన క్యాలెండరైనా తీసుకెళ్ళి నీళ్ళలో వదలాలి. మంచి పద్ధతే, కాదనను. కాకపోతే దాన్ని పెట్టిన పెద్దలు నీళ్ళున్న కాలంలో బతికినవాళ్ళు. పంతొమ్మిది వందల తొంభై అయిదు శ్రావణంలో వల్లూరు మారక్క ఇంట్లో దేవుడి బొమ్మ ఉన్న పుస్తకాలు పదమూడు ఉన్నాయి గానీ, వాటిని వదలడానికి చుట్టుపక్కల ఎక్కడా మోకాలి లోతు నీళ్ళు లేవు. చెరువు నెర్రెలిచ్చింది. బావి అడుగున రాళ్ళు తేలాయి. కొత్తగా వేసిన బోరులోంచి దుమ్ము తప్ప ఏమీ లేవలేదు.

మూడు ఊళ్ళ చెరువులు చూసి విసిగిపోయి, మారక్క ఆ పుస్తకాలను పాత టవల్లో మూటగట్టుకొని పావగడ బస్సెక్కింది. ఆమెకు చదువు రాదు. పుస్తకం వెనక అట్ట చూపించి ఏం రాసుందో చెప్పమంటే కండక్టరు, "ఇది అచ్చేసిన ప్రెస్సు అడ్రసమ్మా, కోట ఈదిలో ఉండాది" అన్నాడు. అచ్చేసినవాళ్ళ చేతికే తిరిగి ఇచ్చేస్తే దోషం తగలదని ఆమెకు తోచింది. అట్లా ఆ మధ్యాహ్నం ఆదెప్ప ప్రెస్సు గడప తొక్కింది.

ఆదెప్ప భోజనానికి వెళ్ళాడు. లోపల అంజినప్ప ఒక్కడే నిలబడి పెళ్ళిపత్రిక కంపోజు చేస్తున్నాడు. అంజినప్పకు యాభై దాటాయి. పెళ్ళి కాలేదు అంటారు ఊళ్ళో. చేసుకోలేదు అనడం సబబు. ఇరవై ఏళ్ళుగా ఆ ప్రెస్సులో సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరుసలు పేర్చడం ఆయన పని. పెళ్ళిపత్రికలు, నాటకాల కరపత్రాలు, చావు కార్డులు, వీటితోపాటు ఏటా ఆషాఢంలో పావగడ యాత్రా గైడు. శ్రావణ శనివారాల్లో శనిమహాత్మ గుడికి వచ్చే జనం కోసం ముప్ఫై రెండు పేజీల చిన్న పుస్తకం అది. ఏ ఊరికి ఏ బస్సు ఎప్పుడుంది, ఏ ఛత్రంలో, అంటే సత్రంలో, దిగొచ్చు, ఎక్కడ భోజనం శుభ్రంగా ఉంటుంది, అన్నీ అందులో ఉంటాయి. అట్ట మీద పేరు ఆదెప్పది. లోపల ప్రతి అక్షరం అంజినప్పది. ఏటా సైకిలేసుకొని తిరిగి, ప్రతి చోటూ కళ్ళారా చూసి వచ్చిగానీ అచ్చుకు ఇచ్చేవాడు కాదు. గైడు అబద్ధం చెబితే ఎండలో పిల్లాజెల్లాతో తిరిగేది యాత్రికుడు కదా అనేవాడు.

"మా పిల్లోల్ల నాయన పుస్తకాలన్నా ఇవి. పోయిన బుధవారం ఏడాది తిథి జేసినాము. ఇంట్లో పెట్టుకోను మనసు లేదు, వదల్దామంటే నీళ్ళు లేవు. మీరే తీసుకోండి" అంది మారక్క.

"ఏ ఊరమ్మా? మీ ఆయన పేరేంది?"

పెనిమిటి పేరు నోటితో చెప్పే అలవాటు ఆమెకు లేదు. పైనున్న పుస్తకం తెరిచి మొదటి పేజీ చూపించింది. "ఈడ రాసుండాది సూడు."

చూశాడు. పెన్సిలు రాత. వల్లూరు బొమ్మన్న.

అంజినప్ప చేతిలో ఉన్న అక్షరాల పట్టీ జారి కింద పడింది. గంటసేపు పేర్చిన పెళ్ళిపత్రిక నేలంతా చెదిరిపోయింది. ఆయన వంగలేదు, ఏరుకోలేదు. బొమ్మన్న పోయి ఏడాదైందట. బస్సులో గంట దూరం. ఊళ్ళో ఎవరి ఆవు ఈనినా తెలిసే ప్రెస్సులో, వారానికి నాలుగు చావు కార్డులు తన చేతి మీదుగా పోయే ప్రెస్సులో, ఆ చావు కబురు ఆయన చెవిన పడలేదు.

"కూర్చో మారక్కా" అన్నాడు ఎట్లాగో.

ఆమె కూర్చోలేదు. "నా పేరు నీకెట్ల తెలుసునన్నా?" అంది.

ఎట్లా తెలుసో చెప్పాలంటే పధ్నాలుగేళ్ళు వెనక్కి పోవాలి. బొమ్మన్న తన తమ్ముడి పెళ్ళిపత్రిక అచ్చు వేయించడానికి మొదటిసారి వచ్చింది ఎనభై ఒకటిలో. అయిదెకరాల మెట్ట, వేరుశనగ, భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నవాడు. పత్రిక నమూనా ఆరేదాకా బల్ల మీద కూర్చొని, అంజినప్ప వేళ్ళ వైపే చూసి, "నీ చేతులకు మసి, నా చేతులకు మన్ను. కడిగినా పోవు గదప్పా" అన్నాడు. నవ్వాడు. అంతే. అంజినప్ప ఆ రోజు మూడు తప్పులు పేర్చాడు, జీవితంలో ఎన్నడూ లేనిది.

మగవాడు మగవాణ్ణి ప్రేమిస్తే అనడానికి ఆ ఊళ్ళో తిట్లున్నాయి గానీ మాటలు లేవు. మాట లేని దానికి చోటు మాత్రం ఎక్కడ దొరుకుతుంది? దొరికింది. గుడి వెనక వీధిలో పుట్టమ్మ అనే ముసలి వితంతువుకు నాలుగు గదుల ఛత్రం ఉండేది. శనివారం మధ్యాహ్నం యాత్రికులంతా తిని పడుకున్న వేళకు వీళ్ళిద్దరూ అక్కడికి చేరేవాళ్ళు. ఆమె ఏదీ అడిగేది కాదు. "ఎండ దిగినాక పోండప్పా" అని తలుపు దగ్గరగా వేసి, అరుగు మీద కూర్చొని ఒత్తులు చేసుకునేది. ఆ మధ్యాహ్నాల్లో బొమ్మన్న చెప్పిన కబుర్లలో సగం మారక్కవే. ఆమె పడే చాకిరీ, ఆమె ఓపిక, ఆమెకు తాను ఏమీ ఇవ్వలేకపోతున్నానన్న బాధ.

ఇంట్లో వాళ్ళకు చెప్పడానికి మొక్కు ఉండనే ఉంది. తొమ్మిది శనివారాలు వరసగా గుడికి రావాలి, ఒక్క వారం తప్పితే మళ్ళీ మొదటినుంచి. బొమ్మన్న ఎనిమిది వారాలు నిష్ఠగా వచ్చి, తొమ్మిదో వారం కలుపనో, ఎద్దుకు జబ్బనో మానేసేవాడు. ఆరేళ్ళు తీరలేదు ఆ మొక్కు. శనిమహాత్ముడికి అంత ఓపిక ఉంటుందని ఎవరూ అనుకోరు.

పువ్వు గుర్తు ఎనభై రెండు గైడులో మొదలైంది. పెళ్ళిపత్రికల అంచుకు వాడే ఎనిమిది రేకుల సీసపు పువ్వు ఒకటి తీసి, తొమ్మిదో పేజీ ఏడో వరుసలో, పుట్టమ్మ ఛత్రం పేరు పక్కన పెట్టాడు అంజినప్ప. బొమ్మన్నను ఏడిపించడానికే. పెళ్ళిపత్రిక మీద ఎక్కే భాగ్యం మనకెట్లాగూ లేదు, గైడులోనైనా ఎక్కుదామని. బొమ్మన్న అది చూసి కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

తరవాత అది ఆటగా మిగల్లేదు. నాటకాల్లో ఆడవేషం కట్టే లింగప్ప ఒకరోజు కరపత్రాలకని వచ్చి, ఆ వంక ఈ వంక మాట్లాడి, చివరికి ఏడుస్తూ, "నాలాంటోడు యాడికి పోవల్లన్నా?" అని అడిగాడు. అంజినప్ప గైడు తీసి పువ్వు చూపించాడు. లింగప్ప ఇంకొకరికి చూపించాడు. మరుసటేడు హిందూపురం బస్టాండు వెనక ఒక లాడ్జి పక్కన పువ్వు పడింది. ఆ పైయేడు గుడి సందులో ఓబక్క, వెంకటక్కల ఇడ్లీ హోటలు పక్కన. ఊరికి వాళ్ళు అక్కాచెల్లెళ్ళు. వాళ్ళ ఇద్దరి తల్లులూ వేరు, ఊళ్ళూ వేరు అని అంజినప్పకు తెలుసు. ఎనభై ఆరు నాటికి గైడులో అయిదు పువ్వులు. వేల మంది చదివారు ఆ పుస్తకాన్ని. ఇదేమిటని ఒక్కడూ అడగలేదు. కావలసినవాళ్ళు మాత్రం వెతుక్కొని వచ్చారు.

నియమం పెట్టింది కూడా అంజినప్పే. ఎనభై నాలుగులో బస్టాండు దగ్గర ఒకణ్ణి పట్టుకొని కొడితే చెయ్యి విరిగింది. ఆ వారమే బొమ్మన్న దగ్గర మాట తీసుకున్నాడు. "పువ్వుంటే రా. ఏదో ఒక ఏడు పువ్వు లేదనుకో, ఏదో గండముందని లెక్క. రావద్దు. కబురు పెట్టొద్దు. ఎందుకని అడగొద్దు." బొమ్మన్న చేతిలో చెయ్యి వేశాడు. మాట తప్పే మనిషి కాడు.

ఎనభై ఎనిమిది ఆషాఢంలో అంజినప్ప తల్లి క్యాతగానచెర్లులో చనిపోయింది. కర్మలు ముగించుకొని వచ్చేసరికి పదిహేను రోజులు పట్టింది. ఈలోగా ఆదెప్పే కూర్చొని గైడు అచ్చు వేశాడు. కరువు రోజులు. ఆ ఏడు నాలుగు రాళ్ళు వెనకేసుకున్నది బోరుబండ్లవాళ్ళు ఒక్కరే. వాళ్ళ ప్రకటన అరపేజీకి చోటు కావలసి, ఆదెప్ప తొమ్మిదో పేజీ వరుసలు బిగించాడు. "యాత్రా గైడుకు పెండ్లిపత్రిక పూలెందుకప్పా, చోటు దండగ" అని పువ్వులన్నీ పీకేశాడు. పాపం ఆయనకేం తెలుసు. అంజినప్ప వచ్చి చూసేసరికి పుస్తకాలు అంగళ్ళకు చేరిపోయాయి. శనివారం బొమ్మన్న వస్తాడుగా, నోటితో చెబుదాంలే అనుకున్నాడు.

బొమ్మన్న రాలేదు. మరుసటి శనివారమూ రాలేదు. అంజినప్ప తొమ్మిది శనివారాలు పుట్టమ్మ ఛత్రంలో కూర్చున్నాడు. చివరికి ఉండబట్టలేక తన నియమం తానే తప్పి, సైకిలేసుకొని వల్లూరు పోయాడు. చేలో బొమ్మన్న నలుగురితో కలిసి కాయలేని వేరుశనగ కట్టె పీకుతున్నాడు. తల ఎత్తి చూశాడు. చూసి, తల తిప్పుకున్నాడు.

అంజినప్ప సైకిలు మళ్ళించాడు. ఆ రోజు నుంచి ఒకటే ప్రశ్న ఆయన్ను తినేసింది. గండమని భయపడి మానేశాడా, లేక సాకు దొరికిందని మానేశాడా? కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఎనభై తొమ్మిది గైడు పేర్చాడు. పువ్వు పెట్టలేదు. పెడదామన్నా చోటు లేదు. అంతకుముందు చలికాలంలోనే పుట్టమ్మ పోయింది, ఛత్రం వేరుశనగ గోడౌను అయింది. లాడ్జి మీద పోలీసులు పడ్డారు. కరువుకు తాళలేక ఓబక్క, వెంకటక్క బెంగళూరు దారి పట్టారు. లింగప్ప బొంబాయి అన్నాడు, మళ్ళీ కనబడలేదు. లేని తలుపు పక్కన పువ్వు పెట్టి ఎవర్నో ఎండలో తిప్పడం అంజినప్ప వల్ల కాలేదు. ఏడేళ్ళుగా గైడు పువ్వు లేకుండానే వస్తోంది.

ఇవేవీ మారక్కకు చెప్పలేదు. మూట విప్పి, బల్ల మీద పదమూడు గైడులూ ఏళ్ళ వరసన పేర్చాడు. ఎనభై రెండు నుంచి తొంభై నాలుగు దాకా. తొమ్మిదో పేజీలు తెరిచి పెట్టాడు. ఒక పువ్వు, రెండు, మూడు, అయిదు. ఆ తరవాత ఏమీ లేవు. తమలాంటివాళ్ళకు ఈ సీమలో ఎక్కడెక్కడ తలుపు తెరుచుకుందో, ఎప్పుడెప్పుడు మూసుకుందో చెప్పే కాగితం లోకంలో ఇదొక్కటే. అది ఒక వేరుశనగ రైతు ఇంటి దేవుడి గూట్లో ఇన్నాళ్ళూ భద్రంగా ఉంది.

వెనక అట్టల మీద పెన్సిలు గీతలు. వచ్చిన ప్రతి శనివారానికీ ఒక గీత. ఎనభై ఎనిమిది అట్ట మీద ఒకే గీత, దాన్ని అడ్డంగా కొట్టేసి ఉంది. అంటే ఆ మొదటి శనివారం బొమ్మన్న వచ్చాడు. బస్టాండులో దిగాడు, గైడు కొన్నాడు, పేజీ తిప్పి చూశాడు, తిరుగు బస్సెక్కాడు.

"మరి ఈ పుస్తకాలేంది?" అన్నాడు తరవాతి ఆరింటిని చూపిస్తూ. "మొక్కు మానేసినాడు గదా. మల్లా ఏంటికి కొన్నట్టు?"

"మొక్కు తీరిపాయె అన్నాడు గానీ పుస్తకం మాత్రం మాన్లేదన్నా. ఎవరు పావగడకు పోతాండినా చెప్పి తెప్పించుకుంటాండె. తెచ్చిన ఎంటనే ఈ పేజీ తిప్పి సూసేది, గూట్లో పెట్టేది. ఆ పొద్దు కూడు సరిగా తినేటోడు కాదు." మారక్క చూపుడు వేలు ఎనభై ఆరు గైడు మీద ఆనింది. "ఈ పువ్వు కోసరం."

అంజినప్ప ఉలిక్కిపడ్డాడు.

"నాకు సదువు రాదన్నా. అచ్చరాలన్నీ నాకు ఒకటే తీరుగా ఉంటాయి. అందుకే పువ్వు కండ్లబడింది. పువ్వున్న ఏండ్లు ఆయప్ప శనివారం శనివారం పోయేది, వచ్చినాక రెండు దినాలు పిల్లోల్లతో ఆడేది, నాతో మంచిగ మాట్లాడేది. పువ్వు పోయినాక ఆ మనిషే పోయినాడు. ఎవరి కోసరమో నేనడగలే. అడిగితే చెప్పల్ల గదా, చెప్పినాక నేను ఇనల్ల గదా." ఆమె తల ఎత్తి సూటిగా చూసింది. "నువ్వేనా అన్నా?"

అంజినప్ప తల ఊపాడు. కళ్ళలోకి చూడలేకపోయాడు. వచ్చిన కన్నీళ్ళు తుడుచుకుంటే మసి ముఖమంతా అంటుకుంది.

మారక్క తిట్టలేదు. అప్పుడు కూర్చుంది. "అయితే నీకు చెప్పల్ల. ఇంతవరకు ఎవరికీ చెప్పలే" అంది.

పోయిన శ్రావణం సంగతి. బొమ్మన్న కామెర్లు ముదిరి మంచం పట్టాడు. ఒక శుక్రవారం దీపాలు పెట్టే వేళకు కళ్ళు తెరిచి, కొత్త పుస్తకం వచ్చిందా, పువ్వుందేమో చూడు అన్నాడు. మొదటిసారి ఆమెతో ఆ మాట పైకి అన్నాడు. ఆమె చూసింది. లేదు. లేదని చెప్పడానికి నోరు రాలేదు. లోపలికి పోయి, కూతురి బడి సంచీలోంచి పెన్ను తీసింది. పాత పుస్తకంలో పువ్వు ఏ పేజీలో, పైనుంచి ఎన్నో గీత పక్కన ఉందో లెక్కపెట్టుకుంది. కొత్త పుస్తకంలో అదే పేజీ, అదే ఏడో గీత పక్కన పువ్వు గీసి తెచ్చి చూపించింది.

"దీపం దగ్గర పెట్టి సూపిచ్చినా. సేపుగా సూసినాడు. మల్లా నా మొగం సూసి నవ్వినాడన్నా. అట్ల నవ్వింది పెండ్లినాడు గూడా నేను సూడలే. శనివారం పోదాంలే మారీ అన్నాడు. తెల్లారేసరికి లేడు. ఆ నవ్వు నీదని నాకు తెలుసు. ఉండనీ. పోయేటోనికి అబద్ధం పువ్వు సూపిచ్చి పంపిస్తి. తప్పా అన్నా?"

అంజినప్ప తొంభై నాలుగు గైడు చేతిలోకి తీసుకున్నాడు. తొమ్మిదో పేజీ ఏడో వరుస పక్కన నీలం సిరాతో వంకరటింకర పువ్వు. అచ్చుపువ్వుకు ఎనిమిది రేకులు, దీనికి అయిదే. ఆ వరుసలో ఉన్నది చదివాడు. పుట్టమ్మ ఛత్రం ఎత్తేసిన ఏడు పేజీ అంతా తానే మార్చి పేర్చాడు. ఇప్పుడా వరుస, బండ్లు కట్టుకొచ్చే యాత్రికుల కోసం తాను చేర్చిన పశువుల ఆస్పత్రి.

బొమ్మన్నకు చదువొచ్చు. పశువుల ఆస్పత్రి పక్కన నీలం సిరా పువ్వు చూసి, ఇది అంజినప్ప పెట్టిందని ఒక్క క్షణం కూడా అనుకొని ఉండడు.

ఊరుకోవచ్చు. నువ్వన్న మాట నిజమే, తప్పేమీ లేదమ్మా అని పంపేస్తే, ఆరేళ్ళ ఎదురుచూపుకు చివర్న వచ్చిన ఆ నవ్వు అంజినప్పదే అవుతుంది. ఇక మీదట బతకడానికి అది చాలు. ఆమె తన చేతులతో తెచ్చి ఇస్తోంది కూడా. పుస్తకాన్ని ఆమె వైపు తిప్పి, ఆ వరుస మీద వేలు పెట్టాడు.

"మారక్కా, ఈడ ఏం రాసుండాదో తెలుసునా నీకు?"

"ఆ పాత పుస్తకంలో ఉండేదే గదా."

"కాదు. పశువుల ఆస్పత్రి."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముందు నవ్వే వచ్చింది, ఆపుకోలేని నవ్వు. వెంటనే ముఖం పాలిపోయింది. "అయితే ఆయప్పకు తెలిసిపోయినాదా? నమ్మలేదా?"

"నమ్మలే. నువ్వు గీసినావని తెలుసుకున్నాడు. నీకు అన్నీ తెలుసునని, తెలిసీ ఒక మాటనలేదని, ఇప్పుడు పొమ్మంటాండావని తెలుసుకున్నాడు. అందుకే నీ మొగం సూసినాడు. ఆ నవ్వు నీదే తల్లీ. నాది కాదు."

మారక్క మొదటిసారి ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకొని, భుజాలు అదిరేటట్టు ఏడ్చింది. అంజినప్ప కుండలోంచి నీళ్ళు ముంచి పక్కన పెట్టాడు. అంతకంటే ఏం చెయ్యాలో ఆయనకు తెలియలేదు.

లేచేటప్పుడు ఆమె పన్నెండు పుస్తకాలు బల్ల మీదే వదిలి, చివరిదాన్ని టవల్లో చుట్టుకుంది. "ఇది నాకు కావల్ల. చెరువు నిండినా వదల్ను" అంది. గడప దగ్గర ఆగి, "ఒక దినం ఎవరో సైకిలు మీద మా చేను కాడికొచ్చి తిప్పుకోని పోయినారు, నువ్వే గదా. ఆ దినం ఆయప్ప ఇంటికొచ్చి గోడపక్క కూర్చోని ఏడ్చినాడన్నా. అప్పుడు ఎందుకో తెలీలే నాకు" అని చెప్పి వెళ్ళిపోయింది.

అంజినప్ప నేల మీద కూర్చున్నాడు. చెదిరిన అక్షరాలు ఏరడం మొదలుపెట్టాడు. పత్రిక అంచుకు పేర్చిన పువ్వులు బల్ల కింద మూలమూలకూ పోయాయి. ఒక్కొక్కటే వెతికి, దుమ్ము తుడిచి, అక్షరాల పెట్టెలో వాటి అరలో వేసుకుంటూ పోయాడు. ఆ పెళ్ళిపత్రిక మర్నాటికి ఇవ్వాలి.